సన్నబడ్డ సంబరం

ఎక్స్‌పోర్ట్ అనే మాట వింటే మొన్నటిదాకా నాకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి, కాకినాడ రేవులో ఓడలెక్కే బియ్యం బస్తాలు. రెండు, బట్టల కొట్టు అబ్బాయి "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అండీ, ఎన్ని ఉతుకులైనా రంగు దిగదు" అంటూ నెత్తిన రుద్దే చీర. అలాంటిది, నా ఇంట్లో నేను కూర్చుని నేనూ ఒకటి ఎక్స్‌పోర్ట్ చేయవలసి వస్తుందనీ, ఆ చేసిన దానితో కన్నతల్లికి ఒక రాత్రంతా నిద్ర లేకుండా చేస్తాననీ కలలో కూడా అనుకోలేదు.

సంగతి మొదటినుంచీ చెప్తాను.

మా నాన్నగారు 2022లో పోయారు. ఈసారి ఆబ్దికానికి నెల్లాళ్ళ ముందు రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, పెట్టేసే ముందు, "మీ నాన్నగారి షష్టిపూర్తికి తమ్ముడు కెమెరాతో తీశాడు కదే, అదెక్కడుందో ఏమో! ఒక్కసారి చూడాలనుంది" అంది. మా అమ్మ నోరు విడిచి ఏదైనా అడగడం పన్నెండేళ్ళకోసారి వచ్చే పుష్కరం లాంటిది. అడిగిందంటే చేసి తీరవలసిందే.

షష్టిపూర్తి జరిగింది 2008లో. అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు అప్పుడే కొత్తగా వచ్చిన హై డెఫినిషన్ కెమెరా ఒకటి తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయేది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా పొద్దుటినుంచి సాయంత్రం దాకా తనే తిప్పాడు. తీసినదంతా ఒక హార్డ్ డిస్కులో పోసి మాకొకటి ఇచ్చాడు. అది మా బీరువాలో నా పట్టుచీరల కింద ఇన్నేళ్ళూ నిశ్చింతగా పడుకుంది. తీయించుకునేప్పుడున్న ఉత్సాహం చూసేటప్పుడు ఎవరికుంటుంది చెప్పండి!

తీసి చూస్తే మొత్తం మూడు గంటల పది నిమిషాలు. అందులో పావుగంట సేపు గాడిపొయ్యి. ఇరవై నిమిషాలు ఎవరివో చెప్పులు. కెమెరా ఆపడం మరిచిపోయి తమ్ముడు నడిచిన నడకంతా అందులో ఉంది. ఇది ఇలాగే ఇస్తే అమ్మ నిద్రపోతుంది. అంచేత మా అబ్బాయి చేత కంప్యూటర్లో ఒక వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకుని నేనే నడుం కట్టాను. నవలలు రాసేదాన్ని, కథ ఎక్కడ కొయ్యాలో ఎక్కడ అతకాలో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అని కాస్త గర్వం కూడా లేకపోలేదు. మూడు వారాలు కూర్చున్నాను. నవలలో నిండు మనిషిని ఒక్క పేరాలో చంపగలిగినదాన్ని, ఇక్కడ మా పెద్దత్తయ్య ఆవులించే అర నిమిషం తీసేయడానికి రెండు రోజులు మథనపడ్డాను. ఆవిడా ఇప్పుడు లేదు మరి. చివరికి యాభై రెండు నిమిషాలకు తెచ్చాను.

"అయిపోయింది" అని చేతులు దులుపుకుంటే మా అబ్బాయి నవ్వాడు. "ఇంకా ఎక్స్‌పోర్ట్ ఉందమ్మా."

ఇంతవరకూ నేను చేసింది ముక్కలు కొట్టి కారం కలపడమేనట. జాడీలోకి ఎత్తితేగాని అది ఆవకాయ కాదట. ఎక్స్‌పోర్ట్ అని నొక్కగానే ఒక పెద్ద కిటికీ తెరుచుకుంది. అందులో గళ్ళు, గళ్ళలో అంకెలు. బ్యాంకులో లోను కాగితాలు కూడా ఇంత భయపెట్టవు.

"ఏది ఏం ఇవ్వాలిరా?" అన్నాను.

వాడికి ఇంజనీరింగ్ పరీక్షలు. "ఒరిజినల్ ఎలా ఉందో సెట్టింగ్సూ అలాగే ఇచ్చెయ్యమ్మా, అంతే" అనేసి గదిలోకి పోయాడు. ఆ "అంతే" అన్న మాట దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొదటి గడిలో ఫార్మాట్ అని ఉంది. ఎమ్.పి.4 అన్నది పెట్టె మాత్రమేననీ, అందులో బొమ్మల్ని మడత పెట్టే పద్ధతి వేరే ఉంటుందనీ, దాన్ని కోడెక్ అంటారనీ కూడబలుక్కుని తెలుసుకున్నాను. పట్టుచీరని ఒకరు నాలుగు మడతలు వేస్తారు, ఒకరు ఎనిమిది వేస్తారు. ఎన్ని ఎక్కువ మడతలు వేస్తే పెట్టెలో అంత చోటు మిగులుతుంది. కాని విప్పేవాళ్ళకి ఆ మడత తెలిసుండాలి. 2003లో వచ్చిన హెచ్.264 అనే మడత ఇంచుమించు అన్ని టీవీలకీ, ఫోన్లకీ తెలుసు. 2013లో వచ్చిన హెచ్.265 అంతకంటే పొందికైనదే గాని పాత టీవీలు కొన్ని దాన్ని చూసి తెల్లమొహం వేస్తాయి. అమ్మ ఇంట్లో టీవీ ఏ కాలం నాటిదో నాకు సరిగ్గా గుర్తు లేదు. పెద్దవాళ్ళ ఇంటికి తీసుకెళ్ళే పిండివంట పళ్ళకి మెత్తగా ఉండాలి కదా! అందుకని హెచ్.264 దగ్గరే ఆగాను.

రెండో గడి ఫ్రేమ్ రేట్. సెకనుకి ఎన్ని బొమ్మలు అని. మన దేశంలో టీవీ లెక్క 25. తమ్ముడి కెమెరా అమెరికాది గనక దానిది 29.97. ఈ ముప్ఫైకి మూడు పైసలు తక్కువ లెక్కేమిటో! అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50 హెర్ట్జ్ గనక తొలినాళ్ళలో ఎవరి టీవీ లెక్క వాళ్ళ కరెంటుని బట్టి పెట్టుకున్నారట. అక్కడ 1953లో రంగుల టీవీ పద్ధతి ఖాయం చేసినప్పుడు రంగుకి చోటివ్వడం కోసం ముప్ఫైని ఓ రవ్వ తగ్గించారట. మన దేశమే కదాని 25 పెట్టి చూశాను. నాన్నగారి నడక ఎడ్లబండి ఎక్కినట్టు కుదుపులు కుదుపులుగా వచ్చింది. సెకనుకి ఐదు బొమ్మలు రాల్చేస్తే రాకేం చేస్తుంది! మళ్ళీ 29.97కే మార్చాను. అబ్బాయి చెప్పిన "ఒరిజినల్ ఎలా ఉందో అలాగే" అన్న మంత్రం ఇక్కడ పనిచేసింది.

మూడోది దువ్వెన పళ్ళ గొడవ. అమ్మ విసనకర్ర విసురుతుంటే దాని అంచు దువ్వెనలా పళ్ళు పళ్ళుగా కనిపించింది. ఆ కాలం కెమెరాలు బొమ్మని ఒక్కసారిగా తీయవు. ముందు బేసి వరసలు, లిప్తపాటు ఆగి సరి వరసలు తీసి, రెంటినీ నేతలో పోగుల్లా కలుపుతాయి. దీన్నే ఇంటర్‌లేస్ అంటారు. ఆ లిప్తలో విసనకర్ర జరిగిపోతే పోగులు కలవవు. "డీఇంటర్‌లేస్" అన్న గడిలో టిక్కు పెట్టి, "ప్రోగ్రెసివ్" అని ఎంచుకుంటే పళ్ళు పోయాయి. నా మీద నాకు గౌరవం పెరిగిపోయింది.

ఆ గౌరవంతోనే నాలుగో గడి దగ్గరకొచ్చాను. బొమ్మ వెడల్పు, ఎత్తు. ఒరిజినల్ ఫైలు వివరాలు తీసి చూస్తే 1440 బై 1080 అని ఉంది. మంత్రం ఉందిగా! వెడల్పు గడిలో 1440, ఎత్తు గడిలో 1080 కొట్టాను. ఆ పక్కనే పిక్సెల్ ఆకారం ఏమిటని ఇంకో గడి. "స్క్వేర్" అని ముందే ఉంది. చదరమైతే మంచిదే కదాని దాని జోలికి పోలేదు. చూస్తే బొమ్మకి పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి. నాన్నగారి శుభకార్యానికి నల్లంచా? ఆ పట్టీలు పోయే ఉపాయం వెతికితే, "స్ట్రెచ్ టు ఫిల్" అని ఒకటి దొరికింది. నొక్కాను. పట్టీలు మాయం. బొమ్మ నిండుగా సర్దుకుంది.

సర్దుకున్న ఆ బొమ్మలో నన్ను నేను చూసుకున్నాను.

చెప్పొద్దూ, నా గుండె ఝల్లుమంది. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. పురిటి ఒళ్ళు తగ్గలేదని అందరూ దెప్పిపొడుస్తుండేవారని నా జ్ఞాపకం. తీరా చూస్తే ఆకుపచ్చ కంచిపట్టు చీరలో సన్నజాజి తీగలా ఉన్నాను! మెడ అంత పొడుగు, నడుం అంత సన్నం. "అయ్యో, ఇంత చక్కగా ఉండి కూడా అప్పుడు లావుగా ఉన్నానని ఎంత ఏడ్చానో" అని నా మీద నాకే జాలేసింది. మా వారిని కేకేసి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, తెర దగ్గరకు వంగి చూసి, "ఎవరావిడ?" అన్నారు.

"నేనేనండీ!"

"నాకిలా గుర్తు లేదే" అని పేపర్లోకి వెళ్ళిపోయారు.

భర్తలకి భార్య పుట్టినరోజే గుర్తుండదు, నడుం కొలత ఏం గుర్తుంటుంది అనుకుని ఆ మాట కొట్టిపారేశాను. అప్పుడాయన మాట చెవిన వేసుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

ఆ పైన బిట్ రేట్ అనే మహమ్మారి. సెకనుకి ఎంత సమాచారం ఖర్చు పెడతావు అని అడుగుతుందది. ఖర్చనగానే మన చెయ్యి వెనక్కి పోతుంది కదా, 2 మెగాబిట్లు ఇచ్చాను. ఆ రాత్రంతా నా పాత లాప్‌టాప్ రుబ్బురోలులా రొద పెట్టి, తెల్లారేసరికి ఎనిమిది వందల మెగాబైట్ల లోపు ఫైలు చేతికిచ్చింది. పీటల మీద అమ్మా నాన్నగారూ కూర్చున్నంతసేపూ బాగానే ఉంది. ముత్తైదువలు లేచి అక్షింతలు వేయడం మొదలెట్టేసరికి నాన్నగారి మొహం గచ్చు బిళ్ళలు పరిచినట్టు పలకలు పలకలుగా విడిపోయింది. అక్షింతలు ఆగాక మళ్ళీ మొహం వచ్చింది.

మా అబ్బాయి పరీక్ష రాసొచ్చి కారణం చెప్పాడు. ఈ మడత పద్ధతిలో ప్రతి బొమ్మనీ పూర్తిగా దాచరట. అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ దాచి, మధ్యలో వాటికి "ఇంతకు ముందు బొమ్మకీ దీనికీ తేడా ఏమిటి" అన్నది మాత్రం రాసుకుంటారట. పీటల మీద కదలకుండా కూర్చున్న మనుషులకు ఖర్చు తక్కువ. గాల్లో ఎగిరే ప్రతి బియ్యపు గింజా ఒక తేడాయే. వంద చేతుల అక్షింతలు ఒక్కసారి పడితే ఇచ్చిన డబ్బు చాలక దుకాణం కట్టేస్తుంది. "ఆశీర్వచనమే అన్నిటికంటే ఖరీదమ్మా" అన్నాడు నవ్వుతూ. ఇరవై ఒక్కేళ్ళవాడు నవ్వుతూ అన్న మాట గాని, అది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

12 మెగాబిట్లు ఇచ్చాను. అక్షింతలు ముత్యాల్లా రాలాయి. కాని పెన్‌డ్రైవ్ ఫైలుని మింగనంది. అందులో చోటు 32 గిగాబైట్లు, నా ఫైలు 4.7. ఎందుకు పట్టదు? ఫ్యాట్32 అనే పద్ధతిలో సర్దిన పెన్‌డ్రైవ్‌లో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదట. గది ఎంత పెద్దదైనా గుమ్మం చిన్నదన్నమాట. వేరే పద్ధతిలో సర్దవచ్చు గాని పాత టీవీలు కొన్నిటికి ఫ్యాట్32 ఒక్కటే తెలుసు. అంచేత లెక్క వేశాను. 10 మెగాబిట్లంటే నిమిషానికి 75 మెగాబైట్లు. యాభై రెండు నిమిషాలకు 3,900. మాటలకీ మంత్రాలకీ మరో 75. గుమ్మంలోంచి పడుతుంది. పైగా "వేరియబుల్, టూ పాస్" అని ఇంకో సదుపాయం ఉంది. అది మొదట ఒకసారి వీడియో అంతా చూసి, ఎక్కడ ఖర్చు ఎక్కువో తెలుసుకుని, రెండోసారి దాని ప్రకారం పంచుతుంది. ఖాళీ నెలల్లో మిగిల్చి సంక్రాంతి నెలలో ఖర్చు పెట్టడం మనకు తెలియని విద్యా! అలా ఆరో రోజుకి నా సినిమా పెన్‌డ్రైవ్ ఎక్కింది. నేను గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వారం వారం పంపవలసిన సీరియల్ బాకీ ఉంది గనక లాప్‌టాప్ కూడా సంచీలో పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మని టీవీ ముందు కూర్చోబెట్టి వీడియో పెట్టాను. "పక్కన ఈ నల్లపట్టీలేమిటే?" అంది. "పాతది కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాను గడుసుగా. పైనా కిందా తీసేశానని సంబరపడ్డ పట్టీలు ఈ టీవీలో కుడీ ఎడమా వచ్చి నిలబడ్డాయని అప్పుడైనా నా బుర్రకి తట్టలేదు.

అమ్మ కదలకుండా చూసింది. అక్షింతల దగ్గర కొంగుతో కళ్ళొత్తుకుంది. యాభై రెండు నిమిషాలూ అయిపోయాక "బాగుందే" అని లేచి వెళ్ళి, చెరిగిన బియ్యమే మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. సాయంత్రం కాఫీ సగం వదిలేసింది. నేను ఆ దిగులు నాన్నగారి కోసమే అనుకున్నాను.

రాత్రి పక్కపక్కన పడుకున్నాం. లైటు తీసేసిన చాలాసేపటికి అమ్మ గొంతు వినిపించింది.

"ఏమే, నిద్రపోయావా? మీ నాన్నగారు అప్పటికే అంతలా చిక్కిపోయి ఉన్నారేమిటే?"

"ఎప్పటికి?"

"షష్టిపూర్తికి. బుగ్గలు లోపలికి పోయి, మెడ సన్నమైపోయి... చివరి ఏడాదిలో ఎలా ఉన్నారో అలా ఉన్నారు. నేను చూసుకోలేదు. పక్కన పీట మీదే కూర్చున్నాను, పసుపు తాడు కట్టించుకున్నాను, మొహం మాత్రం చూసుకోలేదు."

నాకు ఒళ్ళు చల్లబడింది. నాన్నగారిది కిడ్నీల జబ్బు. బయటపడేసరికి ఆలస్యమైంది. ఆఖరి రోజుల్లో చొక్కా భుజాల మీంచి జారిపోయేది. పోయిన పదో రోజున బంధువొకావిడ పరామర్శకని వచ్చి, "ఇంట్లోవాళ్ళు ముందే కనిపెట్టుంటే బాగుండేదమ్మా" అని ఒక మాట విసిరి వెళ్ళింది. ఆ మాట అమ్మ లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయిందని నాకు తెలుసు. ఇప్పుడా ముల్లుకి నేను సాక్ష్యం తెచ్చి ఇచ్చాను, అదీ హై డెఫినిషన్‌లో.

"అదేం లేదమ్మా, అప్పటికి నాన్నగారు రాయిలా ఉన్నారు" అన్నాను.

"నువ్వలాగే అంటావు. నా కళ్ళతో చూశాగా. ఆ ఏడాదే కదూ ఆయన రాత్రిపూట అన్నం మానేసి రొట్టెలు మొదలెట్టింది? ఆకలి చచ్చిపోయి మానేశారేమో, నాకు చెప్పలేదేమో. పద్నాలుగేళ్ళు, అమ్మాయ్! పద్నాలుగేళ్ళు కళ్ళెదురుగా పెట్టుకుని చూడలేదంటే నేనేం మనిషిని!"

ఏం చెప్తాను? కాసేపటికి లేచి మంచినీళ్ళ వంకతో హాల్లోకి వచ్చాను. గోడమీద దండ వేసిన నాన్నగారి ఫోటో ఉంది. అది షష్టిపూర్తి నాడు స్టూడియో అబ్బాయి తీసినదే. అదే పట్టుపంచె, అదే గంధం బొట్టు. బుగ్గలు మాత్రం నిండుగా ఉన్నాయి! ఒకే రోజు, ఒకే మనిషి, ఇక్కడ నిండుగా, అక్కడ చిక్కిపోయి. ఇదేం విడ్డూరం?

లాప్‌టాప్ తెరిచి, శబ్దం లేకుండా వీడియో పెట్టి, నాన్నగారి మొహం దగ్గర ఆపి చూశాను. నిజమే, చిక్కారు. పక్కన పురోహితుడు గారూ చిక్కారు. వెనక నిలబడ్డ వంట మేస్త్రీ, ఎనభై అయిదు కిలోల మనిషి, అతనూ చిక్కాడు. అప్పుడు అమ్మ చేతిలో హారతి పళ్ళెం కనిపించింది. మా అమ్మమ్మ పెట్టిన వెండి పళ్ళెం. దాని మీద నా చూపు ఆగిపోయింది. పళ్ళెం నిలువుగా, కోడిగుడ్డులా ఉంది.

కోడిగుడ్డు ఆకారంలో హారతి పళ్ళెం ఎక్కడైనా ఉంటుందా?

రాత్రి పదకొండున్నరకి మా అబ్బాయికి ఫోన్ చేశాను. కాలేజీ పిల్లలకి అది సాయంకాలం కిందే లెక్క. సంగతి వినగానే వాడు అడిగిన మొదటి ప్రశ్న, "స్ట్రెచ్ టు ఫిల్ నొక్కావా అమ్మా?"

"నల్లపట్టీలు పోతాయనీ..."

వాడు తల పట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. తప్పు నాదీ కాస్త ఉందని వాడే ఒప్పుకున్నాడు. తమ్ముడి కెమెరాది ఏ.వి.సి.హెచ్.డి. అనే పద్ధతి. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చినది. అందులో తొలి కెమెరాలు కొన్ని చోటు కలిసిరావడానికి ఒక కిటుకు చేశాయి. వరసకి 1920 చుక్కలు దాచవలసిన చోట 1440 దాచాయి. అయితే ఆ చుక్కలు చదరపు బిళ్ళలు కావు, అడ్డంగా పరిచిన ఇటుకల్లాంటివి. ఒక్కొక్కటి ఎత్తుకంటే వెడల్పు మూడోవంతు ఎక్కువ. ఆ 1440 ఇటుకలూ పరిస్తే 1920 చదరాలంత పొడుగు గోడ వస్తుంది. నేను ఇటుకల లెక్క రాసి, చదరపు బిళ్ళలు పరిచాను. గోడ నాలుగోవంతు కుంచించుకుపోయింది. గోడతోపాటు నాన్నగారూ, పురోహితుడు గారూ, పళ్ళెం, నేనూ.

"అయినా అమ్మా, అందరూ సన్నగా కనిపిస్తుంటే నీకు అనుమానం రాలేదా?" అన్నాడు.

ఏమని చెప్పను? సన్నగా కనబడింది నేను గనక అనుమానం రాలేదు నాయనా అని కన్నకొడుకుతో ఎలా చెప్పను! అమ్మ ఆ బొమ్మలో నాన్నగారిని తప్ప ఎవరినీ చూడలేదు. నేను నన్ను తప్ప ఎవరినీ చూడలేదు. మూడు వారాలు ఆయన మొహం ముందు కూర్చుని కూడా!

అప్పటికప్పుడు మళ్ళీ ఆ కిటికీ తెరిచాను. వెడల్పు 1920, ఎత్తు 1080, పిక్సెల్ చదరం. స్ట్రెచ్ టు ఫిల్ తీసేశాను. నల్లపట్టీ ఎక్కడా రాలేదు. అది రాకపోవడమే లెక్క సరిపోయిందనడానికి గుర్తట. అదే 29.97, అదే ప్రోగ్రెసివ్, అవే 10 మెగాబిట్లు. ఎక్స్‌పోర్ట్ నొక్కి పక్కనే చాప వేసుకుని కూర్చున్నాను. ఒక శాతం, రెండు శాతం... ఒంటిగంటకి అమ్మ లేచి వచ్చింది. "ఇంకా రాస్తున్నావా, కళ్ళు పోతాయే" అని నా ఒడిలో దిండు పెట్టి వెళ్ళింది. మూడింటికి గాని అది నూరు చేరలేదు.

పొద్దున్నే స్నానం చేసి వచ్చిన అమ్మని మళ్ళీ టీవీ ముందు కూర్చోబెట్టాను. ఈసారి బొమ్మ తెర నిండా పరుచుకుంది. నాన్నగారు నిండు బుగ్గలతో, నిండు భుజాలతో, పీట చాలనట్టు కూర్చుని ఉన్నారు. జరిగినదంతా చెప్పాను, ఇటుకలూ బిళ్ళలూ అన్నీ.

అమ్మ చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"నిజం చెప్పు. రాత్రి నేను ఏడ్చానని ఆయన్ని లావు చేశావు కదూ?"

"అమ్మా!"

"చెయ్యగలవే. కథలు రాసేదానివి."

ఇరవై ఏళ్ళుగా నేను రాసినదంతా నా మీదికే తిరగబడ్డట్టయింది. గోడమీద ఫోటో చూపిస్తే, "ఫోటోలవాళ్ళు సరిచేస్తారు లేవే" అంది. అప్పుడు పళ్ళెం గుర్తొచ్చింది. వీడియో హారతి దగ్గర ఆపి, "అమ్మా, ఆ పళ్ళెం ఇప్పుడెక్కడుంది?" అన్నాను.

అమ్మ మాట్లాడకుండా పూజగదిలోకి వెళ్ళి, పళ్ళెంలో పువ్వులు తీసి పక్కన పెట్టి, కొంగుతో తుడిచి తెచ్చింది. టీవీకి దగ్గరగా పట్టుకుని నిలబడింది. నిన్నటి వీడియో పెట్టాను. గుడ్డు. ఇవాళ్టిది పెట్టాను. గుండ్రం. "మళ్ళీ పెట్టు" అంది. పెట్టాను. చేతిలో పళ్ళెం అంచు చుట్టూ ఒకసారి, తెరమీద పళ్ళెం అంచు చుట్టూ ఒకసారి వేలు తిప్పింది.

"ఇది మా అమ్మ పెట్టింది. దీన్ని నువ్వు మార్చలేవు" అంది.

పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "రొట్టెలు ఆకలి లేక కాదులే. షుగరొస్తుందేమోనని ముందే భయపడి తిన్నారు. నేనే చేసిపెట్టాను" అంది. ఆ మాట నాతో అన్నదో, పదో రోజున వచ్చిన ఆ బంధువుతో అన్నదో తెలియదు. తరవాత, "అక్షింతలు వేసిన చోట పెట్టవే" అంది.

అక్షింతలు పడ్డాయి. ఒక్క గింజ కూడా చెదరలేదు, నాన్నగారి మొహం కూడా. తలమీద పడ్డ గింజల్ని ఆయన దులుపుకోకుండా, అమ్మ తలమీద ఒకటి అంటుకుని ఉంటే తీశారు. ఇన్నిసార్లు కోసి అతికాను గాని నేనది ఇంతవరకూ చూడనే లేదు. అమ్మ చూసింది. నవ్వింది.

మీలో ఎవరైనా పాత పెళ్ళి వీడియోలు బయటికి తీయబోతుంటే ఒక్క మాట చెప్తాను, అంకెలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ముందుగా మీ మొహం చూసుకోకండి. ఆ బొమ్మలో గుండ్రటిది ఏదైనా ఉంటే, గడియారమో పళ్ళెమో, ముందు దాన్ని చూడండి.

అంతా అయిపోయి నేను పెన్‌డ్రైవ్ తీస్తుంటే అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"అన్నట్టు అమ్మాయ్, నువ్వు కూడా అప్పుడు గుండ్రంగానే ఉన్నావే!"

"అవునమ్మా" అన్నాను. మొదటి ఫైలు ఇంకెవరి కంటా పడకూడదని అప్పుడే చెరిపేశాను. దాపరికమెందుకు, చెరిపే ముందు ఆకుపచ్చ కంచిపట్టు దగ్గర ఒక్క నిమిషం ఆపి చూసుకున్నాను.